చేయి విరగ్గొట్టిన వీడియో

మా గల్లీలో ఒక ఆడమనిషి చేయి విరిగింది. విరగ్గొట్టింది ఒక వీడియో అని మా తెలుగు సమాజం పెద్దలు కూర్చుని, చాయ్ తాగి, తీర్మానించారు. వీడియోకు చేతులుంటాయనీ, కొన్ని చేతులకు గాజులు కూడా ఉంటాయనీ, కొట్టడం అయ్యాక రోడ్డు మీద దొర్లిన స్టీలు గిన్నెల్లో నాలుగు మంచివి ఏరుకుని ఇంటికి పట్టుకుపోతుందనీ నాకు ఆ రోజే తెలిసింది. యాభై ఏడేళ్లు వచ్చాయి, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఆ తీర్మానాన్ని చక్కటి తెలుగులో రాసిచ్చింది నేనే. అందుకని ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేనేమీ గొప్పవాణ్ణి కాదు.

తెలంగాణ నుంచి వలస వచ్చిన మగ్గాలవాళ్ల పేట మా పద్మనగర్. ఇక్కడ నాది తాకాలు చూసే పని. మగ్గం మీంచి దిగిన గుడ్డ చుట్టను తాకా అంటాం. దాన్ని విప్పి, వెలుతురుకు పట్టి, పోగు ఎక్కడ తెగింది, నూనె మరక ఎక్కడ పడింది, తప్పు మగ్గానిదా మనిషిదా అని తేల్చాలి. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను. తప్పు చూపించగానే మగ్గం నడిపేవాడు అనే మొదటి మాట ఒకటే, "సూత్ ఖరాబున్నది కాకా." సూత్ అంటే నూలు. అది ఎక్కడో దూరపు మిల్లు నుంచి వస్తుంది. దానికి ఈ ఊళ్లో చుట్టాలు లేరు, ఎంత తిట్టినా తిరిగి ఒక్క మాట అనదు. నేను అడిగేది కూడా ఒకటే. "గదే సూత్ పక్క మగ్గం మీద గూడ నడుస్తున్నది గదా, మరి దాని మీద ఎందుకు రాలే?" దాంతో వాడు తల గోక్కుంటూ పోతాడు. ఇంత తెలివి ఉన్నవాణ్ణి, సమాజం బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని చెప్పులతో పాటు బయట విడిచి వెళ్లాను.

తెలుగు బడిలో చదువుకున్నాను, చేతిరాత బాగుంటుంది. అందుకని బోర్డు మీద పెళ్లి కబురైనా చావు కబురైనా నేనే రాయాలి. అదొక గౌరవం అనుకునేవాణ్ణి.

జరిగింది ఇదీ. ఆ రోజు మా వైపు కరెంటు బంద్. మగ్గాలన్నీ ఆగిపోయాయి, మనుషులంతా ఇళ్ల ముందున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను పైన కునుకు తీస్తుంటే కింద కేకలు. దిగి వెళ్లేసరికి గిన్నెలామె మోరీ గట్టు మీద కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఉంది. ఆమె పేరు మాలో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. గంపలో స్టీలు సామాన్లు పెట్టుకుని పక్కనున్న టెంఘర్ బస్తీ నుంచి వస్తుంది, పాత చీరలు తీసుకుని గిన్నెలిస్తుంది. మొగుడు మన తెలంగాణ వాడే, కూలికి మగ్గం నడపడానికి వచ్చి ఇక్కడే పోయాడు. అంటే మనవాళ్లే. చందాలు రాసేటప్పుడు మాత్రం తప్పకుండా మనవాళ్లే.

"పిల్లల దొంగ! పిల్లను ఎత్కపోతాంది!" అని గల్లీ అంతా అరుస్తోంది. ఏ పిల్ల అంటారా? మా ఇంటి పిల్లే. మా అన్న మనవరాలు. నాలుగేళ్లది. ఎత్తుకుపోయారని చెబుతున్న ఆ పిల్ల గడప మీద కూర్చుని బిస్కెట్ తింటోంది.

పోలీసులు వచ్చారు, ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు, మణికట్టు దగ్గర ఎముక విరిగిందన్నారు. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. ఆసుపత్రి ఖర్చు సమాజం పెట్టుకునేట్టు, కేసు లేకుండా పోయేట్టు పెద్దలు మాట్లాడేశారు. ఆ సాయంత్రమే సమాజం హాల్లో చాయ్, తీర్మానం. మా అధ్యక్షుడు పెద్ద కార్ఖానా సేటు, ఊళ్లో ఏ కొట్లాటనైనా రెండు చాయ్‌లలో తేల్చేస్తాడు.

"గా పిల్లల దొంగల వీడియో తిరుగుతున్నది గదా, దాని వల్లనే అయింది ఇదంత. మనోళ్లు మంచోళ్లే, వీడియో చూసి భయపడ్డరు. నువ్వు మంచిగ ఒక కాయిదం రాయి, బోర్డు మీద పెడదాం," అన్నాడు.

నేను ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. ఆ వీడియో చూడనైనా చూడలేదు. కూర్చున్నచోటే రాసిపడేశాను. "పిల్లల దొంగల అబద్ధపు వీడియో ఒక అమాయకురాలి చేయి విరిచింది. ఫార్వర్డులు నమ్మకండి." నా వాక్యాన్ని నేనే మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను. సేటు దాన్ని తన ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

అలవాటు ప్రకారం కాగితం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. సార్ అంటే మాకు తెలుగు చెప్పిన పంతులు, ఎప్పుడో రిటైరయ్యాడు. బోర్డెక్కే ప్రతి కాగితమూ ఆయన దిద్దాలి. ఆ రోజు ఎర్ర పెన్ను తీయలేదు.

"వీడియో చూసి కొట్టిన్రని రాసినవ్. ఎవరు చూసిన్రు?"

"అందరు చూసిన్రట సార్."

"ఎప్పుడు చూసిన్రు? కొట్టకముందా, కొట్టినంకనా?"

"గదెట్ల ఎరుకైతది సార్?"

"ఎరుకగాకుండనే రాసినవా? కార్ఖానాల గూడ తాకా ఇప్పకుండనే తప్పు రాస్తవా నువ్వు?"

నాకు ఒళ్లు మండింది. ఎనభై దాటిన మనిషి, ఇంకా నన్ను బెంచీ ఎక్కించాలనే చూస్తాడు. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. సరే, నలుగురినీ అడిగి ఈయన ముందు పడేద్దాం, చూద్దాం ఏమంటాడో అని బయలుదేరాను.

మొదట మా కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే జాబర్ దగ్గరికి వెళ్లాను. రెండు దెబ్బలు తనే వేశానని గల్లీలో చెప్పుకుంటున్నాడు, కాబట్టి సాక్షిగా ఇంతకన్నా గొప్పవాడు దొరకడు.

"వీడియో చూసినవా?"

"చూసిన కాకా. చూడంగనే నెత్తురు మరిగింది."

"ఏది, చూపియ్యి."

చూపించాడు. ఎక్కడో, ఎవరో, ఏదో భాషలో అరుస్తున్నారు. వీడియో కింద, అది ఫోన్‌కు వచ్చిన టైము ఉంది. ఆ రోజే, మధ్యాహ్నం మూడూ నలభై.

"నువ్వు కొట్టింది ఒంటిగంటకు గదరా?"

వాడు ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నెట్ జర స్లో ఉండె కాకా," అన్నాడు.

నెత్తురు అంత తొందరగా మరిగినప్పుడు నెట్ మాత్రం ఏం చేస్తుంది పాపం.

కింద గదిలో బాబిన్లు చుట్టే ముసలమ్మను అడిగాను. ఆమె చెప్పు విసిరిందని విన్నాను. "నాకు ఫోనే లేదు బిడ్డా, నేనేం చూస్త? మా కోడలు చూసిందట," అంది. కోడలు అదే గదిలో పిండి కలుపుతోంది. "నేను చూళ్లే కాకా. చూసిన్రని అత్తమ్మనే చెప్పింది," అంది. ఇద్దరూ ఒకరినొకరు ఆశ్చర్యంగా చూసుకున్నారు. ఆ ఇంట్లో చిచ్చు పెట్టిన పాపం నాకెందుకని లేచి వచ్చేశాను.

కిరాణా కొట్టాయన మాత్రం గట్టిగా నిలబడ్డాడు. రెండు రోజుల ముందే చూశానన్నాడు. ఫోన్ తీసి వెతికి వెతికి, ప్లాస్టిక్‌తో క్యాబేజీ తయారుచేస్తున్న వీడియో పెట్టాడు.

"ఇది క్యాబేజీ గదా?"

"గిదిగాదా? ఏదైతేంది లే కాకా, లోకం పాడైపోయింది," అన్నాడు. క్యాబేజీ చూసి భయపడి ఆడమనిషిని కొట్టిన మొదటి వ్యాపారి మా గల్లీలోనే ఉన్నాడని నాకు గర్వంగా అనిపించింది.

ఇలా పదకొండు మందిని అడిగాను. ఒకే ఒక్కడు నిజంగా ముందే చూసినవాడు దొరికాడు. పై అంతస్తులో ఉంటాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఊరి బయట పూర్ణలోని గోదాములో పార్సిళ్లు కట్టే పని. వాళ్ల డ్యూటీ గ్రూపులో నాలుగు రోజుల ముందే వచ్చింది. హమ్మయ్య, దొరికాడు, సార్ నోరు మూయించవచ్చు అనుకున్నాను.

"మరి గా రోజు ఒంటిగంటకు ఎక్కడున్నవ్?"

"డ్యూటీల ఉన్న కాకా. ఇక్కడ కరెంటు బందైతె గోదాముకేంది?"

"వీడియో చూసి ఏం జేసినవ్?"

"డిలీట్ కొట్టిన. అండ్ల ఇండ్లు మనయి గావు, మాట మనది గాదు. ఖాలీపీలీ నేనెందుకు భయపడాలె?"

అయిపోయింది. చూసినవాడు కొట్టలేదు. కొట్టినవాళ్లు చూడలేదు. అయినా మొండితనం కొద్దీ పక్క గల్లీకి కూడా వెళ్లాను. అక్కడ ఆ వీడియో దెబ్బలకు రెండు రోజుల ముందు నుంచే ఇంటింటా తిరుగుతోంది. ఆ పొద్దున గిన్నెలామె మా దగ్గరికి రాకముందు అక్కడే రెండు గంటలు కూర్చుంది. ఆడవాళ్లు చీరలిచ్చారు, గిన్నెలు తీసుకున్నారు, మంచినీళ్లిచ్చి పంపారు. పక్క మగ్గం మీద అదే సూత్ నడుస్తోంది, గుడ్డ మాత్రం శుభ్రంగా దిగుతోంది. అంటే ఖరాబైంది సూత్ కాదు.

అప్పుడు భయం వేసింది. ఎందుకంటే, కునుకులో ఉన్నా, మొదటి కేక నేను విన్నాను. ఆ గొంతు నాకు నలభై ఐదేళ్లుగా తెలుసు. అయితే నిద్రమత్తులో ఉన్నవాడి చెవులు సాక్ష్యానికి పనికిరావు కదా! వీడియో సంగతి ఎవరేం చెప్పినా గుడ్డిగా రాసినవాణ్ణి, నా ఇంటి దాకా వచ్చేసరికి హైకోర్టు జడ్జినైపోయాను.

అందరినీ అడిగాను గానీ దెబ్బలు తిన్న మనిషిని అడగలేదు. నేనొక్కణ్ణే కాదు, ఎవరూ అడగలేదు. మర్నాడు టెంఘర్ వెళ్లాను. ఒకే గది ఖోలీ, గుమ్మంలోనే పొయ్యి. కుడి చేతికి సిమెంటు కట్టు, ఎడమ చేత్తో అన్నం వారుస్తోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను.

"ఎందుకు కొట్టిన్రమ్మా?" అన్నాను. నా గొంతు నాకే చేతకానివాడి గొంతులా వినిపించింది.

"మీ ఇంటామెనడుగు అన్నా. మీ వదిననే."

ఆమె చెప్పింది ఇదీ. మా వదిన వారం ముందు ఒక పాత చీరిచ్చి మూత ఉన్న స్టీలు డబ్బా తీసుకుంది. ఆ చీరది అసలు జరీ, గిన్నెలామె నిన్ను మోసం చేసింది అని తర్వాత ఎవరో వదిన చెవిలో ఊదారు. ఆ రోజు గిన్నెలామె కనబడగానే వదిన చీర తెచ్చియ్యమంది. చీర అప్పటికే బజారుకు పోయింది. మాటకు మాట పెరిగింది. ఆ పిల్ల చిన్న గిన్నె కోసం గంప పట్టుకుని నిలబడి ఉంది.

"ఇగ నన్ను గెలువలేక, పిల్లను ఎత్కపోతాందని మొత్తుకున్నది," అంది గిన్నెలామె.

"నీ ఒక్కదాని మాట మీద నేనెట్ల రాయాలె?"

ఆమె నవ్వింది. "ఫోన్ల బొమ్మ మాట మీద రాసినవట గదా అన్నా."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఏం కావాలి అని అడిగాను.

"నాకు పైసలద్దు, కేసద్దు. మళ్ల మీ గల్లీల గంప దించుకోనియ్యిన్రి. పాత చీరలు దొరికేది మీ దిక్కే, టెంఘర్‌ల నాలెక్కటోళ్లే ఉంటరు, ఒక్క చీర పదేండ్లు కడుతరు. నేను ఏ పిల్లను ముట్టలేదని రాయిన్రి. గంతే."

ఇంటికి వచ్చాను. మా అమ్మ పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు, అప్పటినుంచి నాకు అన్నం పెట్టింది మా వదినే. వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అడిగేశాను. కాదంటుందని, కనీసం వీడియో పేరు చెబుతుందని ఆశపడ్డాను. మా వదినకు అంత చదువు లేదు.

"ఔను. నేనే మొత్తుకున్న," అంది. "చీర అంటె ఎవలస్తరురా? పిల్ల అంటెనే అస్తరు."

"చెయ్యి ఇరిగింది వదినా."

"ఇరుగుతదని నాకేం ఎరుక? నలుగురొచ్చి గంప ఆపుతరనుకున్న. గింతమంది మీదవడుతరని అనుకున్ననా?" అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నాకు ఆమె మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, ఆ పూట ఆమె చేతి అన్నం తినలేదు.

మళ్లీ రాశాను. కొట్టినవాళ్లకు వీడియో చేరింది దెబ్బల తర్వాత అని, గొడవ చీర గురించి అని, కేక మా ఇంటి నుంచే వచ్చిందని, ఆమె ఏ పిల్లనూ ముట్టలేదని. సార్ చదివి, ఒక్క అక్షరం దిద్దకుండా తిరిగిచ్చాడు. నలభై ఐదేళ్లలో మొదటిసారి. అది పట్టుకుని సమాజం హాలుకు వెళ్లేసరికి గల్లీ మొదట్లో ఫ్లెక్సీ లేచి ఉంది.

నా మొదటి వాక్యం, అడుగు ఎత్తు అక్షరాలతో. కింద చేతులు జోడించిన అధ్యక్షుడు, చుట్టూ కమిటీ సభ్యులు పదముగ్గురు. మధ్యలో గిన్నెలామె. కొడుతున్నప్పుడు ఎవడో పుణ్యాత్ముడు తీసిన ఫోటో, అందులో ఆమె మొహం చుట్టూ ఎర్ర గీత, ఆ మొహం మీద అడ్డంగా 'ఫేక్' అని ముద్ర. వీడియో ఫేక్ అని చెప్పాలని ఫ్లెక్సీ కొట్టువాడి ఉద్దేశం. వీడియో మీద ముద్ర ఎలా వేస్తాడు, దొరికిన మొహం మీద వేశాడు.

సేటు నా కొత్త కాగితం చదివి మడిచి నా జేబులోనే పెట్టాడు.

"ఏంది నీ లొల్లి? తప్పు వీడియో మీదికి పోయింది, లఫ్డా ఖతమైంది. గిదంత రాసి మీ వదినను స్టేషన్ల కూసోబెడుతవా?"

"ఆమె ఫోటో అయినా తీసెయ్యుమను సేటు."

"ఫోటో లేకపోతె ఎవలు చదువుతరు?"

అసలైతే అప్పుడే ఫ్లెక్సీని చింపెయ్యాలి. కానీ చింపితే పదముగ్గురు సభ్యులూ అధ్యక్షుడూ చిరుగుతారు. నాకు అంత ధైర్యం లేదు. రాసేటప్పుడు మాత్రం బోలెడంత ఉండింది.

ఇంట్లో ఆ కాగితం వదినకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "బోర్డు మీద పెడితె నాలెక్క చదువురానోళ్లకు ఎట్ల తెలుస్తది? నేనే పోయి చెప్త," అని చెప్పులేసుకుంది. నేను వెనకాలే నడిచాను. ఇంటింటికీ పోయి చెప్పింది. ఆమె పిల్లను ముట్టలేదు, నేనే అబద్ధమాడిన అని. విన్నవాళ్లంతా ఎంత మంచివాళ్లంటే, ఒక్కరు కూడా ఆమెను తప్పుపట్టలేదు.

"పాపం అక్కా, గా వీడియో చూసి నువ్వెంత బెదిరినవో," అని జాబర్ పెళ్లాం చాయ్ తెచ్చి ఇచ్చింది.

"నా తాన టచ్ ఫోనే లేదు గదనే!"

"అయితె చూసినోళ్లెవలో నీకు చెప్పుంటరు. తాగు, చల్లారుతది."

మా వదిన చాయ్ కప్పు కింద పెట్టి, నెత్తి కొట్టుకుంటూ బయటికి వచ్చింది. జీవితంలో ఒక్కసారి నిజం ఒప్పుకుందామంటే తీసుకునే దిక్కులేదు.

కట్టు విప్పారని తెలిశాక నేనే టెంఘర్ వెళ్లి గిన్నెలామెను రమ్మన్నాను. ఏమీ కాదు, అందరికీ చెప్పాం అన్నాను. వచ్చింది. ఫ్లెక్సీ కింద నుంచి తలవంచుకుని వచ్చి మా గడప ముందు గంప దించింది. వదిన మూడు చీరలు తెచ్చి పెట్టింది, పాతవి కూడా కాదు. అది చూసి ఇంకో అయిదారుగురు ఆడవాళ్లు వచ్చారు. గిన్నెలు తట్టి చూస్తున్నారు, చిన్నదిచ్చావు, పెద్దదియ్యి అని బేరాలాడుతున్నారు. నాకు ఎంత సంతోషమైందంటే, సార్‌ను కూడా పిలుచుకురావాలనిపించింది.

అప్పుడు పై గదిలోకి ఆ నెలే కిరాయికి వచ్చిన అమ్మాయి, చంకలో పిల్లతో, మెట్ల మీదే ఆగింది. తప్పుడు మనిషేం కాదు, చాలా మర్యాదగానే అడిగింది.

"అత్తమ్మా, బయట బ్యానర్ మీద ఉన్నది ఈమెనే గదా? పిల్లల దొంగల వీడియోల ఉన్నామె?"

అడుగుతూనే పిల్లను కొంగులోకి లాక్కుంది.

"ఈమె గాదే! వీడియోల ఈమె లేదు!" అని వదిన లేచి అరిచింది. "నేనే అబద్ధం జెప్పిన, ఈమె ఎవల్ని ముట్టలే!"

ఆ అమ్మాయి వదిననూ చూసింది, గిన్నెలామెనూ చూసింది. ఎవరిని నమ్మాలో తెలియక పైకి వెళ్లి తలుపేసుకుంది. మిగిలిన ఆడవాళ్లు తట్టి చూస్తున్న గిన్నెలు ఒక్కొక్కటే గంపలోకి తిరిగి వచ్చాయి. ఒకామెకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, ఒకామెకు నల్లా గుర్తొచ్చింది.

"కూసో అమ్మా, నేను మల్ల అందరికి చెప్పొస్త," అని వదిన గంప పట్టుకుంది.

"ఎందరికి చెప్తవమ్మా? కిరాయిదార్లు నెలనెల మారుతరు," అంది గిన్నెలామె. వదిన ఇచ్చిన మూడు చీరలూ మడతపెట్టి గడప మీద పెట్టింది. "వీడియో అబద్ధమని రాసిన్రు. ముద్ర నా మొహం మీద గుద్దిన్రు."

ఆ వాక్యం నాదే అని ఆమెకు తెలుసు. నా వైపు తిరిగింది, తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"జర గంప ఎత్తు అన్నా," అంది. "నా చెయ్యి పైకి లేస్తలేదు."

ఎత్తాను.